మొదటి వారం సంగతి ముందే చెప్పొచ్చుగా

మొన్న టెక్కలిలో చుట్టాల పెళ్ళికి వెళ్తే అక్కడ రిటైరైన కాంపౌండరుగారొకాయన, నాకు పెదనాన్న వరస అవుతారు, నాతో పెద్ద వాదనే వేసుకున్నారు. డిప్రెషన్‌కి మందులిచ్చేటప్పుడు సైడ్ ఎఫెక్టుల ఊసే ఎత్తకూడదట. "చెప్తే సగం మంది మెడికల్ షాపు మెట్లెక్కరమ్మా, ఎక్కినోళ్ళు కూడా మొదటి బిళ్ళ మింగగానే లేనివన్నీ ఊహించుకుంటారు, నా సర్వీసంతా చూశాను నేను" అన్నారు. విస్తరి దగ్గర మొదలైన గొడవ చేతులు కడుక్కునేదాకా నడిచింది, ఆయన తగ్గలేదు, నేనూ తగ్గలేదు, చివరికి మా పెద్దమ్మ వచ్చి "పెళ్ళిలో ఈ మందుల గోలేటి మీకు" అని కేకలేసి ఇద్దర్నీ విడదీసింది.

ఆయనంటే నాకు గౌరవమే. మా ఊళ్ళో సగం మందికి చిన్నప్పుడు సూదులేసింది ఆయనే. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట ఎంత ఆలోచించినా నాకు ఎక్కట్లేదు. చెప్పాలి. మొదటి రోజే చెప్పాలి, మామూలు తెలుగులో చెప్పాలి, ఏది నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుందో, ఏది అస్సలు ఓర్చుకోకూడదో విడదీసి చెప్పాలి.

నేను డాక్టర్ని కాను, శ్రీకాకుళంలో హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పోయినేడాది నుంచి సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు వేసుకుంటున్నాను. ఎందుకు వేసుకోవాల్సొచ్చిందో ఇక్కడ రాయను, డిప్రెషన్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఒక పోస్టులో చెప్పడం నా వల్ల కాదు.

"ఆడికి పడనేదమ్మా"

మా పిన్నివాళ్ళది కంచిలి దగ్గర పల్లె. వాళ్ళబ్బాయి హైదరాబాదులో సెంట్రింగ్ పనికెళ్తాడు. పోయిన చలికాలంలో పని మధ్యలో వదిలేసి వచ్చీశాడు, తిండి లేదు, మాట లేదు, పొద్దస్తమానం గోడవైపు తిరిగి పడుకోవడమే. మొదట భూతవైద్యం, తర్వాత గుడి, ఆ తర్వాత ఎవరో చెప్తే మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, అంటే అప్పటికే ఎన్ని గడపలు దాటి వచ్చారో చూడండి. డాక్టరు ఎస్సిటాలోప్రామ్ అని, నేను వేసుకునేదాని జాతి మందే, రాసి రెండు వారాల తర్వాత రమ్మన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

తర్వాత నేను ఫోన్ చేస్తే పిన్ని చెప్పింది: "ఆ బిళ్ళలు ఆడికి పడనేదమ్మా. నాల్రోజులేసుకున్నాడు, కడుపులో ఒకటే తిప్పడం, రాత్రుళ్ళు నిద్ర నేదు, గుండె దడ. మానీసేడు." మానేశాక ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే ఆయన నరాల బలహీనత అని సెలైన్ బాటిల్ ఎక్కించి, నొప్పికో ఇంజెక్షనిచ్చి పంపించాడు. ఒంట్లో కాస్త హాయిగా అనిపించేసరికి ఇంక ఇంటిల్లిపాదికీ తేలిపోయింది, పెద్ద డాక్టరు మందు విషం, చిన్న డాక్టరు మందు అమృతం.

ఇందులో నాకు బాధనిపించేది ఏంటంటే, వాడికొచ్చినవన్నీ ఈ జాతి మందులకి మొదటి వారంలో అతి మామూలుగా వచ్చేవే. వికారం, మోషన్స్, తలనొప్పి, నోరెండిపోవడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం లేదా మరీ ఎక్కువ పట్టడం, కాస్త గాబరా. చాలామందికి ఒకటి రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఎందుకొస్తాయో కూడా తెలిసిందే. ఈ మందులు పనిచేసేది సెరొటోనిన్ అనే రసాయనం మీద. అదంటే మెదడు, మూడ్ అనే అనుకుంటాం కానీ మన ఒంట్లో ఉన్న సెరొటోనిన్‌లో 90 శాతం దాకా ఉండేది పేగుల్లో. బిళ్ళ మింగితే అది నేరుగా మెదడుకే పోదు కదా, కడుపుకీ అదే మందు, అందుకే ముందు గోల చేసేది కడుపు. మూడ్ బాగుపడటం దగ్గరికొస్తే లెక్క వేరు, మందు దాని పని మొదటి గంటల్లోనే మొదలెట్టినా మెదడు దానికి తగ్గట్టు సర్దుకోడానికి వారాలు పడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకి కాస్త తేడా తెలియొచ్చు, పూర్తి ఫలితం చూడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు.

అంటే ఇబ్బంది ముందొస్తుంది, మేలు తర్వాతొస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియని మనిషి మొదటి వారంలో ఏమనుకోవాలి? అసలే ఆశ లేని మనిషి, దానికి తోడు వాంతులు. మానేయడంలో వాడి తప్పు నాకేం కనపడదు, తెలిసినంతలో వాడు చేసింది తెలివైన పనే. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి మానసిక వైద్యమే అందట్లేదని తేలింది. అన్నీ దాటుకుని డాక్టరు దాకా వచ్చిన ఆ కొద్దిమందిని కూడా నాలుగో రోజున పోగొట్టుకుంటే ఎలా మరి.

నాకెలా గడిచిందంటే

నా అదృష్టం, నేను వెళ్ళిన క్లినిక్‌లో డాక్టరుగారు కాదు గానీ బయట టోకెన్లు పిలిచే ఆవిడ చెప్పింది. మధ్యవయసు మనిషి, చీటీ చూసి, నా మొహం చూసి, కొంచెం పక్కకి పిలిచి, "అమ్మా, వారం పది రోజులు కడుపులో తిప్పుతాది, అన్నం తిన్నాకే ఏసుకోండి, మానీకండి. మరీ ఇదైపోతే ఈ నంబరుకి ఫోన్ సెయ్యండి" అంది. అరనిమిషం పట్టలేదు.

రెండో రోజుకే మొదలైంది. అరకు ఘాట్ రోడ్డు బస్సులో వెనక సీట్లో కూర్చున్నట్టు రోజంతా. స్కూల్లో మధ్యాహ్న భోజనం పప్పు పోపు వాసన తగిలితే స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గరికి పరిగెత్తడమే. కానీ భయం వేయలేదు, ఇది వస్తుందని తెలుసు కాబట్టి. నేను ఊహించనిది ఒకటి వచ్చింది, ఆవులింతలు. నిద్ర రాదు, అలసట ఉండదు, ఊరికే ఒకదాని వెంట ఒకటి ఆవులింతలు. తొమ్మిదో క్లాసులో కణ విభజన చెప్తూ చెప్తూ వరసపెట్టి ఆవులిస్తుంటే ముందు బెంచీలో ఒక గుంటడు "టీచర్, మీ పాఠానికి మీకే నిద్రొచ్చేస్తంది" అన్నాడు, క్లాసంతా గొల్లుమంది, నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వడం అది, బిళ్ళ పనిచేసి కాదులెండి, వాడి టైమింగ్ అలాంటిది. ఇంటికెళ్ళి వెతికితే ఆవులింతలు కూడా ఈ మందుల లిస్టులో ఉన్నాయి.

చేసినవేంటంటే పెద్దవేం కాదు. పరగడుపున ఎప్పుడూ వేసుకోలేదు, పొద్దున్న టిఫిన్ తిన్నాకే. టిఫిన్ సయించని రోజున చోడి అంబలి చల్లారాక కొంచెం కొంచెంగా. నూనె వంటలు, ఘాటు మసాలా కొన్నాళ్ళు పక్కన పెట్టా. నిద్ర పట్టట్లేదు కాబట్టి సాయంత్రం టీ మానేశా, ఇది మాత్రం నిజంగా కష్టమైంది. తలనొప్పికి డాక్టరుగారిని అడిగి పారాసిటమాల్. నిద్ర పాడైతే బిళ్ళ పొద్దున్నకి, మత్తుగా ఉంటే రాత్రికి మార్చుకోవచ్చు, కానీ అది కూడా ఫోన్ చేసి అడిగే చేయాలి. చిన్న డోసుతో మొదలెట్టి పెంచడం కూడా ఇందుకే, నాకు 25 మిల్లీగ్రాములతో మొదలెట్టి తర్వాత 50 చేశారు. ఇంకోటి, స్టాఫ్‌లో ఒక్క మనిషికి చెప్పి ఉంచా. నాకేదైనా తేడాగా కనిపిస్తే నాకు చెప్పమని. ఎందుకో కింద చెప్తా.

పెదనాన్న మాటలో ఉన్న నిజం

ఆయనది పూర్తిగా కొట్టిపారేసే మాట కాదు, అదే చిక్కు. మందుల ట్రయల్స్‌లో ఏ మందూ లేని డమ్మీ బిళ్ళలు వేసుకున్నవాళ్ళు కూడా వికారం, తలనొప్పి అని చెప్తారు, ఇది దాదాపు ప్రతి ట్రయల్‌లోనూ కనిపించేదే. వస్తుంది అనుకుంటే వస్తుంది. నా మొదటి రోజు వికారంలో ఎంత బిళ్ళదో ఎంత నాదో నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

కానీ ఆయన లెక్కలో ఒకటి తప్పిపోయింది. డాక్టరు చెప్పకపోతే మనిషి బుర్ర ఖాళీగా ఉండదు. ఇదివరకు ఉండేదేమో, ఇప్పుడు ఫోనుంది. మన దగ్గర స్ట్రిప్పులో మందుల చీటీ రాదు, పది బిళ్ళలు కావాలంటే కత్తెరతో కోసిస్తారు, ఇక మిగిలింది యూట్యూబ్. అందులో "ఈ ట్యాబ్లెట్లు వాడితే జీవితాంతం బానిసే" అని థంబ్‌నెయిల్ పెట్టినవాడే ముందు దొరుకుతాడు. చుట్టుపక్కల వాళ్ళు ఉండనే ఉన్నారు. నేను మందు కొనడానికెళ్తే కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి లోపలికి "అన్నా, నిద్రబిళ్ళలు ఆ ర్యాకులోనేనా" అని కేకేశాడు. అవి నిద్రబిళ్ళలు కావు. కానీ ఆ మాట నా వెనక నిలబడ్డ నలుగురూ విన్నారు.

పైగా మా ఉద్దానం వైపు ఇంకో భయం ఉంది, దాన్ని బయటి డాక్టర్లు సరిగ్గా అంచనా వేయరనిపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఏ ఊళ్ళో చూసినా కిడ్నీ పోయిన మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి, కారణం ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అలాంటి చోట ఏ కొత్త బిళ్ళ ఇచ్చినా ముందు అడిగేది "కిడ్నీలకేటవుద్ది" అని. మా పిన్ని మనసులో ఉన్నదీ అదే, డాక్టరు ముందు నోరు పెగల్లేదు. ఎవరైనా వివరంగా చెప్పి ఉంటే సగం భయం అక్కడే పోయేది. సెర్ట్రాలిన్ లాంటి వాటికి కిడ్నీ జబ్బున్నా డోసు మార్చక్కర్లేదనే ఉంటుంది. నిజానికి కిడ్నీకి భయపడాల్సింది ఒళ్ళు నొప్పులకని చాక్లెట్లలా మింగే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలకి. అవి ఈ డిప్రెషన్ మందులతో కలిస్తే కడుపులో రక్తం కారే ముప్పు కూడా పెరుగుతుంది. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ గురించి విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే.

ఇక్కడ నా వాదనకి అడ్డొచ్చేది కూడా చెప్పాలి. 2017లో అమెరికాలో డయాలసిస్ దాకా వెళ్ళని కిడ్నీ జబ్బు, డిప్రెషన్ రెండూ ఉన్న 201 మందికి, కొందరికి సెర్ట్రాలిన్, కొందరికి డమ్మీ బిళ్ళ ఇచ్చి 12 వారాలు చూస్తే, డిప్రెషన్ తగ్గడంలో రెండిటికీ తేడా ఏం కనపడలేదు, వికారం, మోషన్స్ మాత్రం సెర్ట్రాలిన్ వాళ్ళకే ఎక్కువొచ్చాయి. అంటే మా ఉద్దానంలో కిడ్నీ పేషెంటుకి నేను వెళ్ళి "ఓర్చుకోండి, తగ్గిపోద్ది" అని ధైర్యంగా చెప్పలేను. ఒకే మాట అందరికీ చెల్లదు, కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి డాక్టరే తేల్చాలి. ఇదైనా పేషెంటుకి తెలియాలనే అంటాను.

ఓర్చుకోకూడనివి

చెప్పాలి అనడానికి నా దగ్గరున్న గట్టి కారణం వికారం కాదు, ఇది. మొదటి వారాల్లో కొంతమందికి, ముఖ్యంగా చిన్న వయసు వాళ్ళకి, కుదురుగా కూర్చోలేనంత గాబరా, చిరాకు, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఎక్కువవడం జరగొచ్చు. అందుకే అమెరికాలో 2004లో పిల్లల విషయంలో ఈ మందుల మీద నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక పెట్టించారు, 2007లో దాన్ని 24 ఏళ్ళ వయసు దాకా పెంచారు. ఇందువల్ల మందు వద్దని కాదు, ఆ రోజుల్లో పక్కన మనిషి ఉండాలని, కనిపెట్టుకోవాలని, తేడా వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పాలని. మా పిన్ని కొడుకు, అదే మా తమ్ముడి వయసు 22. వాడి గాబరా ఏ రకందో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్ళు లేరు.

అలాగే ఉన్నట్టుండి మనిషి మరీ హుషారెక్కిపోయి, నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, డబ్బు విసిరేస్తూ, ఆగకుండా మాట్లాడుతుంటే "అమ్మయ్య, మందు పనిచేసింది" అని ఇంట్లోవాళ్ళు సంబరపడిపోతారు. అది బైపోలార్, అంటే మనిషి దిగులుకీ అతి హుషారుకీ మధ్య ఊగే జబ్బు, బయటపడటం కావచ్చు, వెంటనే చూపించాలి. నేను స్టాఫ్‌లో ఒకరికి చెప్పి పెట్టుకున్నది ఇందుకే, మనకి మనం కనపడం. జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకోవడం, మతి తప్పినట్టు మాట్లాడటం ఇవన్నీ కలిసొస్తే ఆసుపత్రికే, అందులోనూ నొప్పికి ట్రమడాల్ లాంటిది ఎవరైనా ఇచ్చి ఉంటే మరీను. ముసలివాళ్ళకి ఒంట్లో సోడియం పడిపోయి తూలడం, మగతగా ఉండటం జరగొచ్చు, వయసు మీద తోసేయకుండా రక్తపరీక్ష అడగాలి.

ముందు ఏమీ చెప్పకపోతే, ఆవులింతలకీ దీనికీ తేడా మా పిన్నికి ఎలా తెలుస్తుంది? ఒకామె రెండిటికీ భయపడి మానిపించేస్తుంది, ఇంకో ఇంట్లో రెండిటికీ "ఏం కాదులే" అంటారు.

నాకున్న అనుమానాలు

ఓర్చుకోమని చెప్పడం గురించి నాకూ జంకుంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఆ మాట కొత్తేం కాదు. రేపు ఏ కోడలో వారం దాటి నెలైనా వాంతులవుతున్నాయంటే "డాక్టరు ముందే చెప్పారుగా, ఓర్చుకో" అని అత్తగారు అనడానికి ఈ సలహానే పనికొస్తుంది. అందుకే ఎంతవరకు అన్నది కూడా చెప్పాలంటాను. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నీళ్ళు కూడా నిలవకపోతే, మందు మార్చమని అడగొచ్చు. మందులు చాలా ఉన్నాయి, ఒకటి పడనంత మాత్రాన అన్నీ పడవని కాదు.

కూలి పనివాళ్ళ సంగతి మరీ కష్టం. నేను కిటికీ దగ్గర నిలబడి గాలి పీల్చుకున్నా, అవసరమైతే సీఎల్ పెట్టుకున్నా. పలాసలో జీడిపిక్కల దగ్గర తెల్లారుజామునే కూర్చునే ఆవిడ ఏం చేయాలి? నాలుగో అంతస్తులో సెంట్రింగ్ కర్ర మీద నిలబడేవాడికి కళ్ళు తిరిగితే? వాళ్ళకి మందు మొదలెట్టేటప్పుడు పని ఏంటని అడిగి, కుదిరితే పని తక్కువుండే రోజుల్లో మొదలెట్టమని చెప్పడం నాకు తెలిసి ఎవరూ చేయట్లేదు. పైగా వలస. ఇక్కడ మందు రాయించుకుని మర్నాడు రైలెక్కేస్తే మొదటి వారమంతా ఊరు కాని ఊళ్ళో. అలాంటివాళ్ళకి కనీసం మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి పంపొచ్చు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మా తమ్ముడికి నేనిచ్చాను. చేశాడో లేదో అడిగితే "సూస్తాన్లే అప్పా" అంటాడు.

ఇంకోటుంది, దీన్ని అసలెవరూ ఎత్తరు. ఈ మందులతో చాలామందికి పడకగది విషయంలో ఇబ్బందొస్తుంది, కోరిక తగ్గడం, ఆలస్యమవడం, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా. వికారంలాగ ఇది వారం పది రోజుల్లో పోతుందని చెప్పలేం, కొందరికి మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది. కొత్తగా పెళ్ళైన కుర్రాడు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరు ముందున్నప్పుడు ఇది ఎవరు ఎవర్ని అడుగుతారు? డాక్టరు చెప్పరు, వాడు అడగడు, ఇంటికెళ్ళి గుట్టుచప్పుడు కాకుండా మానేస్తాడు. డోసు తగ్గించడమో, మందు మార్చడమో ఉందని వాడికి తెలియదు. హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం లాంటివి రావచ్చని అసలే తెలియదు. పేషెంటుతో ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడితే సరిపోయే దానికి ఇంత తంటా.

ఓపీలో టైముండదంటారు. ఒప్పుకుంటా, హాలు నిండా జనాన్ని నేనూ చూశాను. అయితే చెప్పాల్సింది డాక్టరే కానక్కర్లేదు, టోకెన్లావిడ చెప్పిన ముక్కలే ఒక కాగితం మీదుంటే చాలు. మనకి మెడికల్ షాపులో మందులు చిన్న కాగితం కవర్లో వేసి, పొద్దున్నకి ఒక గీత, రాత్రికి ఒక గీత పెట్టిస్తారు కదా, చదువు రానివాళ్ళు కూడా ఆ గీతలు చూసే వేసుకుంటారు. ఆ కవరు వెనక నాలుగు లైన్లు అచ్చేయించొచ్చు కదా అని మా వీధి చివర షాపతన్ని అడిగాను. అతను నవ్వి, "టీచరుగారూ, కవర్లకేం భాగ్యం, వేయిస్తాను గానీ అది నేను రాయకూడదండి. రేపెవరికైనా ఏమైనా అయితే షాపోడే చెప్పాడంటారు. డాక్టరుగారు రాసి సంతకం పెట్టిస్తే పక్కనే పిన్ను కొట్టిస్తాను" అన్నాడు. అతనన్నది సబబే. నిన్న రాత్రి కూర్చుని ఒక పేజీ టైపు చేశాను, పెద్దక్షరాలతో, పైన ఓర్చుకునేవి, కింద వెంటనే ఫోన్ చేయాల్సినవి, చివర్లో 14416. చెకప్ వచ్చే వారమే ఉంది. డాక్టరుగారు కొట్టేసేవి కొట్టేస్తారు, కలిపేవి కలుపుతారు, అసలు వద్దంటే ఎందుకు వద్దో అడుగుతాను. పెదనాన్నకి కూడా ఒక కాపీ వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం ఇంకా రాలేదు.